ఆమె అంకెలకు చుక్కల గీత

నేను గీతలు గీసి బతుకుతాను. ఈ మాట చెబితే మా బంధువులు నేను బొమ్మలు వేస్తాననుకుంటారు. కంప్యూటర్‌లో అని కలిపితే గేములు తయారుచేస్తాననుకుంటారు. విడమరిచి చెప్పే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఇక్కడ మాత్రం చెప్పాలి, లేకపోతే తరువాతిదేదీ అర్థం కాదు.

భద్రాచలంలో అడవి జ్వరాల మీద పనిచేసే ఒక ప్రైవేటు ప్రాజెక్టు ఆఫీసులో నాది డేటా పని. అడవి లోపలి ఊళ్లకు దగ్గరగా ప్రాజెక్టు సెంటర్లు ఉన్నాయి, ఒక్కోదానిలో ఒక నర్సు ఉంటుంది. వారంలో ఎంతమందికి జ్వరం వచ్చింది, రక్తం చూస్తే ఎంతమందికి మలేరియా తేలింది అన్న అంకెలు ఆ నర్సులు ఫోన్‌లో పంపుతారు. నేను వాటిని కోడ్‌లోకి ఎక్కించి గ్రాఫు తీస్తాను. సెంటర్‌కు ఒక గీత. గీత పైకి పోతే జ్వరాలు పెరిగినట్టు, కిందికి వస్తే తగ్గినట్టు. గురువారం మీటింగులో ఆ కాగితం చూసే, డాక్టరు టీంను ఎక్కడికి పంపాలో నిర్ణయిస్తారు. ఉన్నది ఒకటే టీం, ఒకటే జీపు. కాబట్టి ఎవరి గీత కంట్లో పడుతుందన్నది చిన్న సంగతి కాదు.

నేను చేరిన కొత్తలో గీతలన్నీ రంగుల్లో ఉండేవి. తెర మీద చూడముచ్చటగానే ఉండేవి. కానీ మా ప్రింటర్‌కు నలుపు తప్ప వేరే రంగు తెలియదు, మీటింగులో పంచేది దాని జిరాక్సు. ఎరుపూ ఆకుపచ్చా ఊదా అన్నీ కలిసి ఒకే మసకగా దిగేవి. ఒకసారి ఒకరి గీత చూసి ఇంకొకరిని తిట్టారు. తిట్లు తిన్నది ములకలపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన నర్సు. పాపం అందరి ముందూ ఏడ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయి ఆ సాయంత్రమే రంగులన్నీ పీకేశాను. సెంటర్లను గుర్తులతో వేరుచేశాను. ఒకరికి త్రిభుజం, ఒకరికి చదరం, ఒకరికి గుండ్రం. గీత చివర సెంటర్ పేరు. అప్పటి నుంచి కనీసం తిట్లు సరైన మనిషికి చేరాయి.

గుర్తుల తరువాత మిగిలింది గీత తీరు. కోడ్‌లో దాన్ని లైన్‌స్టైల్ అంటారు. ఏమీ చెప్పకపోతే నిండు గీత వస్తుంది. ముక్కలు ముక్కలుగా కావాలంటే ముక్కల గీత, చుక్కలు కావాలంటే చుక్కల గీత. ఇవి నచ్చకపోతే మనమే కొలతలు ఇవ్వొచ్చు. ఇంత గీయి, ఇంత వదులు, మళ్లీ ఇంత గీయి అని అంకెలు రాస్తే అది అలాగే గీస్తుంది. లావు మార్చొచ్చు, నలుపును బూడిదకు దించొచ్చు. ఈ కొలతలతో ఆడుకోవడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. మా అబ్బాజాన్ ఖమ్మంలో దర్జీ. కత్తిరించిన గుడ్డను మిషన్ మీద పెట్టేముందు తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేసి ఆపుతాడు. దాన్ని కచ్చా కుట్టు అంటారు. మిషన్ కుట్టు పడ్డాక ఆ దారం పీకి పారేస్తాడు. చిన్నప్పుడు దారాలు పీకే పని నాదే. అందుకే ముక్కల గీత ఎక్కడ చూసినా, ఇది ఉండిపోయేది కాదు, కాసేపటికి పీకేసేది అని నా చేతికి అనిపిస్తుంది. మీటింగులో కూర్చునే వాళ్లు ఎవరూ దర్జీ పిల్లలు కారు. అయినా వాళ్లకూ అలాగే అనిపిస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా సార్ ఒక రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి కొత్త రూల్ చెప్పారు.

"సోమవారం సాయంత్రం లోపల వచ్చిన రిపోర్టుకు నిండు గీత పెట్టమ్మా. ఆ తర్వాత వచ్చినదానికి చుక్కలు పెట్టు. ఎవరు టైంకు పంపుతున్నరు, ఎవరు పంపుతలేరు, ఒక్క చూపుల తెల్వాలె."

అప్పుడు అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. పని కూడా సరదాగా ఉంది. ఒకే గీతలో ఈ వారం ముక్క నిండుగా, ఆ వారం ముక్క చుక్కలుగా రావాలంటే ఒక్కో వారాన్ని విడిగా గీసి అతకాలి. అతుకు కనపడకుండా గీశాను. సార్ అద్దాలు పైకి నెట్టుకుని చూసి, "మస్తుంది" అన్నారు. ఆయన అంతకన్నా ఎక్కువ ఎవరినీ మెచ్చుకోరు.

ఆ రూల్ అందరికన్నా ఎక్కువగా పడింది అక్క మీద. అక్కంటే తోడబుట్టింది కాదు. చర్ల దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే చివరి సెంటర్ ఆమెది. దాని చుట్టూ ఉన్నవి కోయవాళ్ల చిన్న చిన్న పల్లెలు, వాటిని గుంపులంటారు. పినపాక దగ్గరి క్రిస్టియన్ కుటుంబం. మీటింగుకు వచ్చినప్పుడల్లా నా కిరాయి గదిలోనే దిగేది, ఎందుకంటే సాయంత్రం తరువాత వాళ్ల వైపు బండి దొరకదు. వచ్చీ రాగానే నా వంట మీద పడేది.

"ఏంది చెల్లె, గిది పప్పా? గిన్నె కడిగిన నీళ్లా?" అనేది. అని రెండుసార్లు పోయించుకునేది. తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. నేను అంతలో మొదలుపెట్టేస్తే ఒక కన్ను తెరిచి చూసేది. కోయ మాట ఆమెకు బాగా వచ్చు. ఫోన్‌లో ఎవరో తల్లికి మందు ఎలా వేయాలో చెబుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు వినాలనిపించేది. నా ఉద్యోగం సంగతి తెలిసినప్పటి నుంచి నన్ను గీతలమ్మ అని పిలిచేది.

ఆమె సెంటర్ దగ్గర ఫోన్ సిగ్నల్ లేదు. మధ్యలో వాగు ఉంది. అంకెలు పంపాలంటే వాగు దాటి, అవతలి గుట్ట ఎక్కి, అక్కడ నిలబడి ఫోన్ పైకెత్తాలి. ఎండాకాలంలో అదొక నడక. వానాకాలంలో వాగు వస్తే, అది ఎప్పుడు తగ్గితే అప్పుడే. అందుకని ఆమె అంకెలు మంగళవారమో బుధవారమో వచ్చేవి. గ్రాఫు గురువారం పొద్దున తీస్తాను కాబట్టి అందులోకి ఎక్కేవి, కానీ చుక్కలుగా ఎక్కేవి. ఇది సార్‌కు తెలియదా అంటే, తెలుసు. "అందరికీ ఏదో ఒక వాగు ఉంటదమ్మా, ఒక్కరికి ఒదిలిపెడితే రూల్ ఎట్ల నిలుస్తది?" అనేవారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు కష్టంగానే ఉంది, కానీ కాదు. పైవాళ్లు అడిగితే చూపించడానికి ఆయనకు ఒక పద్ధతి కావాలి, అంతే.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. అక్క గీత లేవడం మొదలైంది. ఒక వారం కొద్దిగా, మరుసటి వారం ఇంకొంచెం, ఆ పైవారం నిలువుగా. మీటింగులో ఆమె లేచి నిలబడి చెప్పింది.

"సార్, మా గుంపులల్ల ఇంటికొకరు పడుతున్నరు. పిల్లలు ఎక్కువున్నరు. రక్తం చూసే కిట్లు అయిపోవచ్చినయి. టీంను జల్దీ పంపాలె సార్."

సార్ కాగితం మీద వేలు పెట్టి ఆమె గీతను వెతికారు. దొరికాక, "ఇవన్నీ చుక్కలే కదమ్మా. పక్కా నంబర్లు కాదు ఇవి. ముందు టైంకు పంపు, చూద్దాం" అన్నారు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. చుక్కలంటే ఆలస్యంగా వచ్చినవి అని నాకు ఆయనే చెప్పారు. ఇప్పుడు అవి నమ్మదగనివి అయిపోయాయి. చుట్టూ చూశాను. అందరూ తలలూపుతున్నారు. రూల్ వచ్చినప్పుడు ఈ గదిలోనే ఉన్నవాళ్లు కూడా ఊపుతున్నారు. చుక్కలు చూడగానే కన్నే అలా అనుకుంటుంది, ఇది ఇంకా తేలనిది, అంచనా, కచ్చా అని. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరికీ తేడా గుర్తులేదు, అంతే. టీం ఆ వారం వేరే సెంటర్‌కు వెళ్లింది. అక్కడి గీత అక్క గీతలో సగం ఎత్తు కూడా లేదు, కానీ నిండుగా ఉంది.

 ఆ సాయంత్రం గదిలో అక్క పప్పును కూడా ఏమీ అనలేదు.

"నీ కంప్యూటర్ల నన్ను గట్ల చుక్కలు చుక్కలుగ ఎందుకు పెట్టినవ్ చెల్లె?" అంది చివరికి. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగింది. రూల్ చెప్పాను. వింది. "అవ్ తియ్. వాగు ఎవరి మాటా వినదు" అని చాప మీద ఒరిగింది.

నేను సార్‌తో గొడవపడ్డాను. చుక్కలు తీసేసి, ఆలస్యమైన వారం కింద చిన్న గడియారం గుర్తు పెడతానన్నాను, గీత మాత్రం నిండుగా ఉంచుదామన్నాను. ఒద్దన్నారు. పోనీ కాగితం కింద 'చుక్కలంటే ఆలస్యం మాత్రమే' అని రాస్తానన్నాను. రాయమన్నారు. రాశాను. జిరాక్సులో ఆ వరస సగం కోసుకుపోయింది, మిగతా సగం ఎవరూ చదవలేదు. ఆయన చెవిలో జోరీగలా తయారయ్యాననీ, నా పని అంకెలు గీయడమేననీ అన్నారు.

సరే, గీస్తాననుకున్నాను. నా మొండితనం మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆఫీసులో అప్పటికి తెలియదు. కొలతలు నా చేతిలో ఉన్నాయి. ఒకటి గీయి, నాలుగు వదులు అని ఉన్నదాన్ని, ఒకటి గీయి, మూడు వదులు అని మార్చాను. మరుసటి వారం చుక్కను కాస్త పొడుగు చేశాను. ఆ తరువాత మధ్య ఖాళీ ఇంకొంచెం తగ్గించి, లావు పెంచాను. చుక్కలు ముక్కలయ్యాయి, ముక్కలు దగ్గరపడ్డాయి. ఎవరైనా నిలదీస్తే ఇది నిండు గీత కాదని చూపించడానికి సన్నటి సందు ఒకటి మిగిల్చాను. జిరాక్సులో ఆ సందు పూడిపోతుందని నాకు బాగా తెలుసు. అక్క గీత కాగితం మధ్యలో నల్లగా, లావుగా, అందరికన్నా ఎత్తున నిలబడింది. దాన్ని చూసి నాకు కడుపు నిండినట్టయింది.

ఆ గురువారం మీటింగులో ఒకాయన, "ఇది బాగా లేచిందే, ఎవరిది?" అన్నాడు.  సార్ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, తరువాత అసలు ప్రింటు తెప్పించుకుని చూశారు. సందు కనిపించింది.

"ఇది లేటు రిపోర్టే" అన్నారు, అందరూ వినేట్టు. "మా అమ్మాయి కొంచెం హుషారు ఎక్కువ చేసింది."

అందరూ నవ్వారు. టీం ఇంకో వైపు వెళ్లింది. మీటింగు అయ్యాక ఆయన నా వెనక నిలబడి, ఆలస్యమైన గీతలన్నిటికీ సన్న చుక్కలు, లేత బూడిద రంగు పెట్టించారు. నేను టైపు చేస్తుంటే చూస్తూనే ఉన్నారు. మొదటి ప్రింటు ఆయనే చేతిలోకి తీసుకున్నారు. లేత బూడిద చుక్కలు జిరాక్సులో అసలు దిగవు. ఆ మాట ఆయనకు చెప్పాను. "తెర మీద కనపడతయ్ కదా" అన్నారు.

అబ్బాజాన్‌తో ఫోన్‌లో చెప్పుకుని ఏడ్చాను. ఆయనకు గ్రాఫు అంటే ఏమిటో తెలియదు. అంతా విని, కొలత సరిగ్గా ఉన్న గుడ్డను కచ్చా కుట్టు ఉందని ఎవరూ పారేయరే అన్నాడు. ఆ రోజు ఆ ఓదార్పు నాకు ఎందుకూ పనికిరాలేదు.

ఆ తరువాతి వారం అక్క అంకెలు బుధవారం మధ్యాహ్నం వచ్చాయి. అంతకుముందు వారం కన్నా ఎక్కువ. కింద ఒక మాట రాసింది. 'కిట్లు అయిపోయినయి చెల్లె, ఇది రక్తం చూసినోళ్ల లెక్కనే. చూడనోళ్లు శానా ఉన్నరు. నాకు కూడ ఒంట్లో బాగలేదు.' వెంటనే ఫోన్ చేశాను. గుట్ట దిగిపోయినట్టుంది, కలవలేదు. మెసేజ్ సార్‌కు చూపించాను. ఈసారి ఆయన ముఖం మారింది. చర్లలో ఎవరెవరికో ఫోన్లు చేశారు. వాగు పొంగుతోందనీ, జీపు అవతలికి పోదనీ అక్కడివాళ్లు చెప్పారు. వాగు తగ్గగానే టీంను పంపుదామన్నారు సార్. అంతకుముందు వారాల్లో ఆ వాగు పొంగినా రెండ్రోజులకే తగ్గి, జీపు దాటేంతగా ఉండేది.

అక్కను గుంపు మనుషులు తీసుకొచ్చారు. మంచానికి తాళ్లు కట్టి, భుజాల మీద ఎత్తుకుని, వాగులో మెడల దాకా దిగి దాటించారు. ఇవతల ఎవరిదో ట్రాక్టరు, అక్కడి నుంచి అంబులెన్సు. నాకు కబురు అంది నేను ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు తెలివి లేదు. కళ్లు పచ్చగా ఉన్నాయి. మోసుకొచ్చిన వాళ్లు వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు, బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. వాళ్లలో ఒక పెద్దాయన నన్ను చూసి, "మా నర్సమ్మకు నువ్వేమైతవ్?" అని అడిగాడు. చెల్లెనన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. అప్పటిదాకా ఆపుకున్నదంతా అప్పుడు తన్నుకొచ్చింది.

జ్వరం మెదడుకు ఎక్కిందని డాక్టర్లు చెప్పారు. అక్క వాళ్ల అమ్మ పినపాక నుంచి వచ్చేసరికి ప్రాణం పోయింది. ఆ తల్లి గట్టిగా ఏడవలేదు. కూతురి నుదుటి మీద వేళ్లతో రాస్తూ, పాట కాని పాట ఏదో గొణుగుతూ కూర్చుంది. ఆమె పక్కన నిలబడి నేను నా ఉద్యోగాన్ని, సార్‌ను, ఆ ప్రింటర్‌ను, చుక్కలను, ఈ లోకంలో సోమవారం సాయంత్రం అనేది ఒకటి ఉన్నందుకు దాన్ని కూడా తిట్టుకున్నాను. మరునాడు సమాధి మీద మట్టి పోస్తుంటే వాన పడింది. అందరూ తడుస్తూనే నిలబడ్డారు.

తరువాతి వారం నేను ఆఫీసుకు వెళ్లి, అలవాటు కొద్దీ కోడ్ నడిపి గ్రాఫు తీశాను. తెర మీద ఉన్నది చూసి కుర్చీలో నుంచి లేచాను. అక్క సెంటర్ గీత శిఖరం దగ్గర నుంచి ఒక్కసారిగా కిందికి దిగి, సున్నా దగ్గర ఆగింది. దిగిన ముక్క చుక్కలు కాదు. నల్లటి, నిండు గీత.

ఎలా వచ్చిందో వెతికాను. నాకన్నా ముందు పనిచేసినవాళ్లు రాసిన ఒక వరస కోడ్‌లో ఉంది. ఏ సెంటర్ నుంచైనా సోమవారం సాయంత్రానికి ఏమీ రాకపోతే ఆ ఖాళీలో సున్నా పెడుతుంది. అక్క ఉన్నన్నాళ్లూ ఆమె అంకెలు ఆలస్యంగా వచ్చి ఆ సున్నాను చెరిపేసేవి. ఇప్పుడు చెరిపేవాళ్లు లేరు. కోడ్ పెట్టిన సున్నా ఎప్పుడూ ఆలస్యం కాదు, కాబట్టి దానికి నిండు గీత. ప్రాణం పెట్టి పంపిన అంకెలు చుక్కలు, ఎవరూ పంపని సున్నా పక్కా. నాకు నవ్వు వచ్చింది. బాత్రూంలోకి వెళ్లి నవ్వాను, అక్కడే ఏడ్చాను.

బయటికి వచ్చి ఆ వరసను తీసేశాను. ఖాళీని ఖాళీగా వదిలేస్తే గీత అక్కడ తెగిపోతుంది. ఆమె చివరిసారి పంపిన అంకె దగ్గర, అంత ఎత్తున, గాలిలో ఆగిపోయింది. మీటింగుకు ఈసారి జిరాక్సు వద్దని, ఎవరికి వాళ్లకు అసలు ప్రింట్లే తీశాను. ప్రింటర్ వేడెక్కి రెండుసార్లు ఆగింది. దాని మీద కూడా అరిచాను.

ఆ గురువారం హైదరాబాద్ నుంచి ప్రాజెక్టు పెద్ద మేడం వచ్చారు. మొదట అందరం లేచి అక్క కోసం మౌనంగా నిలబడ్డాం. కూర్చున్నాక కాగితాలు పంచాను. మేడం ఒక్కో గీతనూ పెన్నుతో అనుసరిస్తూ వచ్చి ఒకచోట ఆగారు.

"ఈ గీత మధ్యలో ఆగిపోయిందేంటి? ఇంత పైన ఆగింది?"

 సార్ మాట వెతుక్కునేలోగా నేను చెప్పేశాను.

"పంపే మనిషి చనిపోయింది మేడం. ఇప్పుడు మనం నిలబడింది ఆమె కోసమే."

 మేడం కాగితం మీద నుంచి చూపు తిప్పలేదు.

"అయితే అక్కడ ఇప్పుడు జ్వరాలు ఎలా ఉన్నాయి?"

 సార్ నెమ్మదిగా, "తెల్వదు మేడం" అన్నారు. అన్నాళ్లలో ఆ గదిలో ఎవరైనా తెలియదు అనడం నేను మొదటిసారి విన్నాను.

టీం మరునాడే వెళ్లింది. వాగు తగ్గింది. గుంపు గుంపుకూ తిరిగి, ఇల్లిల్లూ చూసి, కొత్త కిట్లతో రక్తాలు పరీక్ష చేశారు. వైర్‌లెస్ ఉన్న పోలీసులను పట్టుకుని సోమవారం పొద్దున్నే అంకెలు పంపారు. వాటిని కోడ్‌లోకి ఎక్కించాను. గ్రాఫు వచ్చింది. మధ్యలో ఖాళీ వారం ఒకటి. దానికి ఇవతల లేత చుక్కలు పైకి ఎక్కుతూ వచ్చి ఆగాయి. అవతల నల్లటి నిండు గీత మొదలైంది, ఆ చుక్కలు ఎటు పోతున్నాయో అటే, అంతకన్నా ఎత్తున. స్కేలు పెట్టి కలిపినా అంత వరసగా రాదు. అక్క పంపిన ప్రతి అంకె నిజమే. నిజానికి తక్కువే పంపింది, కిట్లు లేక.

అప్పటికే ఆ గుంపుల్లో పిల్లలు పోయారు. ఎంతమందో టీం రాసుకొచ్చింది. ఆ అంకెకు గ్రాఫు తీయమని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా తీసేదాన్ని కాదు.

సార్ సాయంత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చారు. కొన్నాళ్లుగా ఆయన సరిగ్గా నిద్రపోవడం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. తెర వైపు చాలాసేపు చూశారు. ఏడాది రిపోర్టులో ఈ గ్రాఫే పోతుంది, పైవాళ్లంతా చూస్తారు.

"ఆమె నంబర్లు కరెక్టే అని తేలింది కదమ్మా" అన్నారు. "ఆ చుక్కలు తీసెయ్. మొదటి నుంచి నిండు గీత పెట్టు. ఆమెకు మనం గదన్న చెయ్యాలె."

వారాల తరబడి నేను కొట్లాడింది దీనికోసమే. కోడ్‌లో ఒక్క మాట మారిస్తే చాలు. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది, అది నాకు వినిపించింది. అయినా చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఒద్దు సార్."

"ఎందుకమ్మా? నువ్వే కదా అడిగినవ్?"

"అప్పుడు అడిగిన సార్. అప్పుడు పెడితే టీం పోయేది. ఇప్పుడు పెడితే, రేపు ఈ కాగితం చూసినోళ్లు మనం ఆమెను మొదటి నుంచి నమ్మినమనుకుంటరు. మనం నమ్మలే సార్. నమ్మినట్టు నేను గియ్య."

  ఆయన తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను లేత బూడిదను మాత్రం తీసేసి, ప్రతి చుక్కా అచ్చులో దిగేలా నల్లగా, లావుగా మార్చాను. చుక్కలను చుక్కలుగానే ఉంచి రిపోర్టు పంపాను.